మాట వినిపించాలి కదా: బరంపురం మ్యూజియంలో జంధ్యాల చిత్రాలు

ఒడిశాలోని మన బరంపురంలో ఒక మ్యూజియం తెలుగు దర్శకుడి కోసం పది రోజుల పాటు తన గదులు ఖాళీ చేసి ఇవ్వడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. తాళపత్రాలు, రాగి రేకులు, ముక్కు విరిగిన విగ్రహాలు ఉండే ఆ భవనంలో కింది అంతస్తులోని రెండు గదులనూ వెనకవైపు సమావేశ మందిరాన్నీ కేటాయించి, జంధ్యాల దర్శకత్వం వహించిన చిత్రాలకు సింహావలోకనం ఏర్పాటు చేశారు. రోజుకు రెండు ఆటలు, మనిషికి 40 రూపాయల టికెట్, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. నేను ఆరు రోజులు వెళ్ళి ఎనిమిది చిత్రాలు చూశాను. వాటిలో నాలుగింటికి మా మేనకోడలు కూడా వచ్చింది. ఆ అమ్మాయి చదువంతా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ సాగింది కనుక తెలుగు వింటుంది, మాట్లాడుతుంది, చదవలేదు. ఈ ప్రదర్శన మీద నాకు కలిగిన అభిప్రాయంలో సగం ఆమె పక్కన కూర్చుని చూడడం వల్ల కలిగినదే.

ముందుగానే చెబుతున్నాను, వెళ్ళి చూడదగిన ప్రదర్శన ఇది. నలభై రూపాయలకు ఇంతకన్నా మంచి సాయంత్రం మన ఊళ్ళో దొరకదు. అయితే దర్శకుణ్ణి చూపించడానికి నిర్వాహకులు పడిన శ్రమలో సగమైనా రచయితను వినిపించడానికి పడలేదు. వేరే దర్శకుడైతే దీన్ని చిన్న లోటుగా వదిలేయవచ్చు. జంధ్యాల విషయంలో అలా వదిలేయడానికి వీలు లేదు, ఎందుకంటే ఆయన ముందు రచయిత, తాను రాసిన మాట తాను అనుకున్న పద్ధతిలోనే పలకాలన్న పట్టుదలతో కెమెరా వెనక్కి వెళ్ళిన మనిషి.

మొదటి గదిలో పోస్టర్లు, లాబీ కార్డులు, పాటల పుస్తకాలు ఉన్నాయి. ఒకప్పుడు సినిమా హాలు గేటు దగ్గర చిల్లర పైసలకు అమ్మిన ఆ పాటల పుస్తకాలను, సన్నటి కాగితం పసుపెక్కి అంచులు రాలిపోతున్నవాటిని, అద్దం కింద విప్పి పెట్టారు. ఎవరో దాచుకున్నవారు అరువిచ్చి ఉంటారు. ఒకదాని వెనక అట్ట మీద పెన్సిలుతో బియ్యం, కిరసనాయిలు, పొగాకు లెక్క రాసి ఉంది. ఆ గదిలో నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. 1981లో వచ్చిన ‘ముద్దమందారం’ నుంచి మొదలుపెట్టి వరుసగా పోస్టర్లు తగిలించారు. ప్రదీప్, పూర్ణిమ కొత్తవాళ్ళుగా పరిచయమైన ఆ చిత్రంతోనే జంధ్యాల దర్శకుడయ్యారు. గది మధ్యలో కార్బన్ కడ్డీలతో వెలిగే పాత 35 ఎం.ఎం. ప్రొజెక్టరు ఒకటి ఉంచారు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల చిల్లర నడుస్తుందనీ, రీలు అయిపోయే లోపు ఆపరేటరు పక్క మిషన్‌లో తరువాతి రీలు సిద్ధం చేసుకోవాలనీ అక్కడి కుర్రాడు ఓపికగా చెబుతున్నాడు. పిల్లలు దాని చుట్టూనే తిరుగుతున్నారు.

వివరణ పలకలు ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మూడు భాషల్లోనూ పెట్టినందుకు నిర్వాహకులను మెచ్చుకోవాలి. కానీ తెలుగు పలకను తెలుగు చదవగలిగినవారెవరూ ఒకసారి చూసినట్టు లేదు. రెండు చోట్ల దర్శకుడి పేరులోనే ధకు వత్తు పోయింది. అంతకన్నా పెద్ద సంగతి ‘నాలుగు స్తంభాలాట’ దగ్గర జరిగింది. 1982 నాటి ఆ చిత్రంలో ఆపకుండా చెప్పేవారొకరు, వినక తప్పనివారొకరుగా నటించిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ఆ తరువాత ‘సుత్తి’ ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. విసుగెత్తించే మాటకు తెలుగువాళ్ళందరం ఈనాటికీ వాడుతున్న ఆ మాట ఆ సినిమాతోనే ఇంతగా వ్యాప్తిలోకి వచ్చింది. దాన్ని ఒడియా పలకలో ‘హాతుడి’ అని, అంటే మేకులు కొట్టే సుత్తి అని, అనువదించి ఊరుకున్నారు. నా పక్కన నిలబడిన ఒడియా దంపతులు ఈ ఇద్దరు నటులూ పూర్వం వడ్రంగం చేసేవారా అని తమలో తాము అనుకుంటుంటే నేనే కల్పించుకుని చెప్పవలసి వచ్చింది. వాళ్ళు నవ్వారు, అసలు అర్థం తెలిశాక మరీ నవ్వారు. ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ నవ్వు పలక దగ్గరే దొరికేది.

నా అసలు ఫిర్యాదు రెండో గది గురించి. ‘రచయిత’ అని పెద్ద అక్షరాలతో రాసిన ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క బోర్డు. 1951 జనవరి 14న నరసాపురంలో పుట్టాడని, విజయవాడలో నాటకాలు రాశాడని, 2001 జూన్ 19న యాభై ఏళ్ళకే కన్నుమూశాడని చెప్పి, ‘హాస్యబ్రహ్మ’ అనే బిరుదు కింద ఒక ఫొటో పెట్టి ముగించారు. దర్శకుడు కావడానికి ముందే ఆయన తెలుగు సినిమాలో తిరుగులేని మాటల రచయిత అన్న సంగతి ఆ గదిలో ఎక్కడా లేదు. 1977లో ‘అడవిరాముడు’, 1979లో ‘వేటగాడు’ ఆయన మాటలతోనే వచ్చాయి. ఆ రెండింటికీ దర్శకుడు కె. రాఘవేంద్రరావు. 1980లో కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’, 1983లో ‘సాగరసంగమం’, తరువాత 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’, వీటన్నిటి మాటలూ ఆయనవే. ఇతరుల చిత్రాలు కాబట్టి తెర మీద వేయనక్కర లేదు, సరే. గోడ మీద చెప్పడానికి ఏమి అడ్డం వచ్చింది?

ఇది పేర్ల పట్టిక కోసం పడుతున్న తాపత్రయం కాదు. ‘వేటగాడు’లో రావు గోపాలరావు నోటికి జంధ్యాల ఇచ్చిన ప్రాసల వాక్యాలు విన్నవారికి, సుత్తి వీరభద్రరావు తిట్ల దండకం ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. ఊపిరి తీసుకోకుండా మెట్టు మీద మెట్టుగా ఎక్కి, చివర ఒక చిన్న క్రియతో ధబ్బున కిందపడే ఆ పొడవాటి వాక్యం ముందు ప్రతినాయకుడికి పుట్టింది. ఆ తరువాత దాని కోరలు పీకి మధ్యతరగతి ఇంటి తండ్రికీ మామగారికీ ఇచ్చారు. బూతు మాట ఒక్కటి లేకుండా ఎదుటివాణ్ణి నిలువునా కడిగేయవచ్చునని నిరూపించిన ఆ తిట్టు జంధ్యాల సొంత ఆస్తి. మరోవైపు ‘శంకరాభరణం’లో అదే కలం తక్కువ మాటలతో నిలబడింది. మన పొరుగున శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. సోమయాజులు ఆ శంకరశాస్త్రి పాత్రలో మాట్లాడిన దానికన్నా ఆగినదే ఎక్కువ. ఈ రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి, ఒక జత చెవి ఫోన్లు తగిలించి, రెండు నిమిషాలు వినిపించి ఉంటే ‘రచయిత’ అన్న గది పేరుకు అర్థం ఉండేది. పూర్వం ఆదివారం మధ్యాహ్నం రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వేసేవారు. విశాఖపట్నం కేంద్రం గరగరల మధ్య వినబడీ వినబడకుండా వస్తుంటే మా ఇంట్లో అందరూ దాని చుట్టూ చేరి బొమ్మ లేని సినిమాను చెవులతో చూసేవారు. ఆ పద్ధతి ఈ గదికి సరిగ్గా సరిపోయేది.

మరొక లోటు కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన చిత్రాల్లో ముఖ్యమైనవి కొన్ని నవలల నుంచి వచ్చాయి. ‘శ్రీవారికి ప్రేమలేఖ’కు పొత్తూరి విజయలక్ష్మి నవల, ‘చంటబ్బాయ్’కి మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల, ‘అహ నా పెళ్ళంట’కు ఆదివిష్ణు నవల ఆధారం. పత్రికల్లో సీరియళ్ళు చదివే ఇల్లాళ్ళు, ఆ సీరియళ్ళ నుంచి పుట్టిన సినిమాలు, ఆ సినిమాలకు వచ్చిన అదే ఇల్లాళ్ళు, ఇదంతా 1980ల నాటి తెలుగు మధ్యతరగతి చరిత్ర. ఒక నవల అట్ట అయినా ఆ అద్దాల పెట్టెల్లో లేదు.

ఇక హాలు సంగతి. మొదటి రోజు ‘ముద్దమందారం’ చూస్తుంటే నాకు తల తిరిగింది. మొజాయిక్ నేల, ఎత్తైన పైకప్పు, నున్నటి గోడలు ఉన్న ఆ మందిరం ఉపన్యాసాలకు కట్టినది. అందులో స్పీకర్ల నుంచి వచ్చే మాట ఎదుటి గోడకు తగిలి తిరిగి వచ్చి తన తోకను తానే తొక్కుతోంది. రమేష్ నాయుడు సంగీతానికి ఆ ప్రతిధ్వని కొంత నిండుదనం తెచ్చిందేమో గాని, సంభాషణకు ప్రాణాంతకమైంది. తెలుగు మాటలో అచ్చులు ఎలాగో గట్టెక్కుతాయి. ఒత్తులూ పొల్లులూ ముందు పోతాయి, జంధ్యాల చమత్కారం నూటికి తొంభై పాళ్ళు ఉండేది వాటిలోనే. మా మేనకోడలు పది నిమిషాలకొకసారి నా వైపు వంగి “మావయ్యా, ఏమన్నాడు?” అని అడుగుతుంటే, నేను చెప్పే లోపల ఇంకో రెండు మాటలు జారిపోయేవి. ఆట ముగిశాక నాలాంటివాళ్ళం నలుగురైదుగురం కార్యాలయంలో ఈ మాటే చెప్పాము.

ఇక్కడ నిర్వాహకులకు పూర్తి మార్కులు ఇవ్వాలి. మరునాడు వెళ్ళేసరికి వెనక గోడకు మందపాటి తెరలు కట్టి, కుర్చీల మధ్య దారుల్లోనూ వేదిక ముందూ జంపఖానాలు పరిపించారు. ఏదో కల్యాణ మండపం నుంచి అద్దెకు తెచ్చినవి కాబోలు, అంచున పసుపు మరకలు కూడా ఉన్నాయి. అంతటితో మాట నేలకు దిగింది. మధ్యలో, అంటే నాలుగో వరుస నుంచి ఏడో వరుస దాకా, ఎడమవైపు కూర్చుంటే ఇప్పుడు బాగా వినిపిస్తుంది. కుడివైపు కిటికీ కింద జనరేటరు ఉంది కనుక అటు కూర్చోకండి.

ఆ రెండో రోజు వేసింది ‘శ్రీవారికి ప్రేమలేఖ’. నరేష్, పూర్ణిమ నాయికానాయకులుగా 1984లో ఉషాకిరణ్ మూవీస్ సంస్థ తొలి చిత్రంగా వచ్చిన ఈ సినిమాను నేను చిన్నప్పుడు ఈ ఊళ్ళోనే చూశాను. కథ కంటే శ్రీలక్ష్మి ఎక్కువగా జ్ఞాపకం. చూసి వచ్చిన సినిమాను టైటిళ్ళ దగ్గర నుంచి అప్పజెప్పే ఆ పాత్రను ఇప్పుడు మళ్ళీ చూస్తే, అందులో హాస్యం శ్రీలక్ష్మి ముఖంలో కన్నా ఆ వాక్యాల అల్లికలో ఉందని తెలుస్తుంది. ఆమె ఏదీ వదలదు, దేనికీ తొందరపడదు, ముఖ్యమైనదానికీ కానిదానికీ ఒకటే స్వరం. వినేవాడు తప్పించుకోవడానికి సందు కోసం చూస్తుంటాడు, వాక్యంలో సందు ఉండదు. చూసేవాళ్ళకు నవ్వు వచ్చేది ఆ సందు లేకపోవడం వల్లనే. ఈ సన్నివేశానికి మా మేనకోడలు నాకన్నా ముందే నవ్వింది. “మా పెద్దమ్మ ఇలాగే కదా చెబుతుంది” అని తరువాత అన్నది. అక్షరం రాని చెవికి కూడా ఆ వాక్యం పూర్తిగా అందింది.

ఉపశీర్షికల గురించి విడిగా చెప్పాలి. నాలుగు చిత్రాలకు నిర్వాహకులు ఒడియా ఉపశీర్షికలు సిద్ధం చేయించారు. ఆ పని ఎవరు చేశారో గాని భాష చక్కగా ఉంది, మామా అల్లుళ్ళ మధ్య మర్యాదలు కూడా ఎక్కడివక్కడ సరిపోయాయి. ఇబ్బంది వేళలో ఉంది. పాత్ర వాక్యం మొదలుపెట్టగానే మొత్తం వాక్యం తెర కింద ప్రత్యక్షమవుతోంది. జంధ్యాల వాక్యంలో నవ్వు చివరి మాటలో ఉంటుంది. కనుక కింద చదువుకున్న ఒడియా ప్రేక్షకులు పాత్ర సగంలో ఉండగానే నవ్వేస్తున్నారు, ఆ నవ్వుల్లో తెలుగు వినేవారికి చివరి మాట వినపడకుండా పోతోంది. ఒకే హాలులో ఒకే హాస్యానికి ఇరుపక్షాలూ ఒకరి నవ్వును ఒకరు చెడగొట్టుకోవడం నేను మరెక్కడా చూడలేదు. ఇంగ్లీషు ఉపశీర్షికకైతే దీనికి మందు లేదు, ఆ భాషలో క్రియ ముందుకు వచ్చేస్తుంది. ఒడియాలో మాత్రం తెలుగులో లాగే క్రియ చివరనే వస్తుంది కదా. వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కను పాత్ర పలికే క్షణానికి ఆపితే చాలు. ఇంత దగ్గరి వాక్యనిర్మాణం ఉండి కూడా ఆ సౌకర్యాన్ని వాడుకోలేదు.

మాట అవసరం లేనిచోట జంధ్యాల ఏమి చేయగలడో ‘అహ నా పెళ్ళంట’ రోజున తెలిసింది. డి. రామానాయుడు నిర్మాతగా 1987లో వచ్చిన ఈ చిత్రంలో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు, ఇంటి చూరుకు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తినే దృశ్యం అందరికీ తెలిసినదే. ఆ దృశ్యానికి ఉపశీర్షికతో పని లేదు. నా ముందు వరుసలో కూర్చున్న ఒడియా ముసలాయన ఒకరు, పంచె సర్దుకుంటూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, పక్కనున్న మనవడి తొడ మీద చరుస్తూ నవ్వారు. హాలంతా ఒక్కసారి నవ్వింది ఆ ఒక్కచోటే. కోట చేతి ముద్ద నోటి దాకా వెళ్ళే ముందు చూపు ఒకసారి పైకి పోతుంది; ఆ చూపులో ఆకలి కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తుంది. అత్తిలిలో తెలుగు లెక్చరరుగా పనిచేసిన బ్రహ్మానందం అరగుండు పాత్రతో రాష్ట్రమంతటికీ తెలిసింది ఇక్కడి నుంచే. తెలుగు పాఠం చెప్పిన నోరు కనుకనే జంధ్యాల వాక్యం ఆయన దగ్గర ఎక్కడా తడబడలేదని నా అనుమానం. ఈ చిత్రం ప్రతి కూడా మిగిలినవాటికన్నా శుభ్రంగా ఉంది.

‘చంటబ్బాయ్’ ప్రతి గురించి అంత మంచి మాట చెప్పలేను. టీవీ కోసం అంచులు కోసిన పాత ప్రతి ఎక్కడిదో తెచ్చి వేశారు. వెడల్పు తెర చిత్రాన్ని పాత టీవీ కొలతకు కుదిస్తే అడ్డంగా నూటికి నలభై పైచిలుకు భాగం పోతుంది. ఫలితంగా ఇద్దరు మాట్లాడుకుంటున్న చోట ఒకరి ముక్కు, ఇంకొకరి భుజం మాత్రమే మిగిలాయి. చిరంజీవి ప్రైవేటు డిటెక్టివుగా హాస్యం చేసిన ఈ చిత్రానికే అన్నిటికన్నా ఎక్కువ జనం వచ్చారు, వచ్చినవారెవరూ ముక్కుల గురించి పట్టించుకోలేదు. విశాఖపట్నం కనిపించినప్పుడల్లా హాలులో గుసగుసలు లేచాయి. తొలినాటి జంధ్యాల చిత్రాల్లో చాలావాటికి విశాఖపట్నమే వేదిక. పెళ్ళిచూపులకూ పెద్దాసుపత్రికీ ఉద్యోగ పరీక్షలకూ రైలెక్కి వెళ్ళేది ఆ ఊరికే గనుక, బీచ్ రోడ్డును తెర మీద చూస్తే బరంపురం తెలుగువాళ్ళకు చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది.

నేను ఊహించని సాయంత్రం ‘ఆనందభైరవి’ది. గిరీష్ కర్నాడ్ నాట్యాచార్యుడిగా నటించిన ఈ చిత్రం కూచిపూడి సంప్రదాయాన్ని ఆడపిల్లకు నేర్పవచ్చునా అన్న వివాదం మీద నడుస్తుంది. జంధ్యాల అనగానే నవ్వులు ఎదురుచూసి వచ్చిన మనవాళ్ళు కొందరు విశ్రాంతికే లేచి వెళ్ళిపోయారు. మిగిలిన కుర్చీల్లో ఎక్కువమంది ఒడియావారు. మగవాళ్ళే ఆడవేషం కట్టి ఆడిన కూచిపూడిని చూస్తుంటే, మగపిల్లలకు జడలు వేసి ఆడించే గోటిపువ నృత్యం తెలిసిన ఈ జిల్లాల ప్రేక్షకులకు కథలోని తగాదా ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర లేకపోయింది. ఆట అయ్యాక మెట్ల మీద ఇద్దరు నాట్యం నేర్చుకునే ఆడపిల్లలు కాళ్ళ కదలిక గురించి వాదించుకుంటూ, ఒకరికొకరు అక్కడే చేసి చూపించుకుంటున్నారు. చిత్రంలో సంభాషణ కొన్నిచోట్ల అవసరానికి మించి ఉపన్యాసమవుతుంది, రెండో సగం సాగుతుంది. అయినా ఇది వేసే ధైర్యం చేసినందుకు నిర్వాహకుల ఎంపికను మెచ్చుకుంటాను. ‘హాస్యబ్రహ్మ’ బిరుదు కింద ఈ చిత్రాన్ని మనమే మరచిపోయాము.

‘పడమటి సంధ్యారాగం’ గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. 1987లో అమెరికాలో చిత్రీకరించిన ఈ సినిమాలో విజయశాంతి తెలుగింటి అమ్మాయి. తరువాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న థామస్ జేన్ ఆమెను ప్రేమించిన అమెరికా కుర్రవాడు. గుమ్మలూరి శాస్త్రి ఆ సంబంధం ససేమిరా కాదన్న తండ్రి. దీన్ని అందరూ ప్రవాసాంధ్రుల కథగా చూస్తారు. బరంపురంలో కూర్చుని చూస్తే అమెరికా అంత దూరంగా అనిపించదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది, మా తాతలు ఇల్లు కదలకుండానే పరాయి రాష్ట్రంలో ఉన్నారు. విమానం ఎక్కనక్కర లేకుండా ప్రవాసులైనవాళ్ళం. ఆ తండ్రి కూతుర్ని దక్కించుకోవాలని చేసే హైరానాలో ఎంత ప్రేమ ఉందో అంత మొండితనం ఉంది. జంధ్యాల ఆయనను చూసి నవ్వుతాడు గాని వెక్కిరించడు. ఇంట్లో ఒడియా మాట్లాడవద్దని మా నాన్నగారు పెట్టిన కట్టడి, మేము వీధిలోకి పోగానే అది గాలికి పోవడం నాకు జ్ఞాపకం వచ్చాయి. సినిమా అయ్యాక మా మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. ఆటో ఎక్కిన తరువాత, “ఆ నాన్నది తప్పు కాదు మావయ్యా, కాని ఆయన మాట వినాలనిపించదు” అన్నది. నేను దానికి జవాబు చెప్పలేదు.

వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఎన్నో ఏళ్ళు పనిచేసింది మన పర్లాకిమిడిలోనే. ఆ ఊరు ఒరిస్సాలో కలిసిన 1936లోనే ఆయన దాన్ని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మనుషులు మాట్లాడుకునే తెలుగులోనే ఎంత సొగసు ఉందో చెప్పడానికి ఆయన వ్యాసాలు రాశారు, జంధ్యాల సినిమాలు తీశాడు. ఈ సంబంధం ఒక్క పలక మీదైనా రాసి ఉంటే ఇక్కడి ప్రదర్శన హైదరాబాదులోనో విజయవాడలోనో పెట్టగలిగినదానికి నకలుగా మిగలక, ఈ జిల్లాలదే అయ్యేది.

మిగిలిన సౌకర్యాల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, రెండున్నర గంటల సినిమాకు నడుము పట్టేస్తుంది, పెద్దవాళ్ళు చిన్న దిండు తెచ్చుకోవడం మంచిది. విశ్రాంతిలో ఆవరణలోని టీ కొట్టులో టీ, పకోడీ దొరుకుతాయి, పకోడీ బాగుంది. పుస్తకాల బల్ల మీద జంధ్యాల గురించి ఒక్క పుస్తకం లేదు, మ్యూజియం విగ్రహాల పిక్చర్ పోస్టుకార్డులు ఉన్నాయి. మ్యూజియం సోమవారం మూసి ఉంటుందన్న సంగతి టికెట్ మీద వేయలేదు, ఒక సోమవారం నేనూ ఇంకో పదిమందీ గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చాము. ‘రెండు జెళ్ళ సీత’ చివరి నిమిషంలో రద్దయింది, కారణం అడిగితే ప్రతి అందలేదన్నారు, డబ్బు మాత్రం వెంటనే తిరిగి ఇచ్చారు.

బయటికి వచ్చే దారిలో అభిప్రాయాల పుస్తకం ఉంది. నేను అందులో సుత్తికి హాతుడి సరిపోదని, రచయిత గదిలో మాట వినిపించే ఏర్పాటు చేయమని, ఉపశీర్షికలను రెండు ముక్కలు చేయమని ఒక పేజీ రాశాను. నా తరువాత మా మేనకోడలు పెన్ను తీసుకుని రెండు వరుసలు రాసింది. చదవడానికి వంగి చూస్తే అది ఒడియా లిపి. కూడబలుక్కుని చదివితే మాటలు తెలుగు: శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పే చోట ఉపశీర్షిక తీసేయండి, మాకు వినిపిస్తోంది.

ఇంకా నాలుగు రోజులు ఉంది. చివరి రోజు సాయంత్రం ‘అహ నా పెళ్ళంట’ మరొకసారి వేస్తామని గేటు దగ్గర రాసి పెట్టారు. ఆటకు అరగంట ముందే వెళ్ళండి, ఎడమవైపు ఐదో వరుస దొరికితే వదలకండి.